అందరి మెయిలూ నిస్సీకే

“అంతా పీకెయ్,” అన్నాడు శామ్. “ఒక్క దెబ్బకు అంతా పీకేస్తే పీడ వదుల్తాది.”

“పీకితే లక్ష్మక్క కూతురి హాల్ టికెట్ కూడా పోతాది,” అంది నిస్సీ, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

“పోనీ.”

“ఆ మాట వరండాలోకి పోయి చెప్పు.”

శామ్ పోలేదు. వరండాలో చర్చి సంఘంలో సగం మంది కూచోనున్నారు. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద సర్దుకున్నారు.

తెర పైభాగాన పొద్దున్నించీ ఒక ఎర్ర పట్టీ వేలాడుతోంది. మెయిల్‌పెట్టె నిండిపోయింది, చోటు చేసేదాకా కొత్త మెయిళ్లు లోపలికి రావు అని.

కొద్దిసేపటి కిందటే రాయచోటి నుంచి కృపమణి ఫోన్ చేసింది. నర్సింగ్ చదివే రోజుల్లో ఇద్దరిదీ ఒకే హాస్టల్ గది. కృపమణి ఇప్పుడు రాయచోటిలో ఒక నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెబుతోంది. పోయిన నెల నిస్సీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది ఆ స్కూలుకే.

“ఏం పిల్లా, అంత గర్వమా?” అంది కృపమణి. “ఉద్యోగం నీకే అని మెయిల్ పంపించి వారం దాటిపాయ. అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్క రాయకపోతివి. మేడమ్ మండిపడతాండాది.”

“నాకు ఏ మెయిలూ రాలేదు మణీ.”

“రెండుసార్లు పంపినాము. సాయంత్రం ఆఫీసు మూసేలోపల నీ జవాబు రాకపోతే ఇంకొకరిని పిలుస్తారంట. ఫోన్లో చెప్తే ఒప్పుకోరు, మెయిలే కావాల. నేను నీ పక్షాన ఎంత సేపని మాట్లాడేది?”

అదీ సంగతి. పెళ్లయిన నాలుగేళ్లుగా నిస్సీ చదువు బీరువాలో సర్టిఫికెట్ల కింద పడి ఉంది. ఇప్పుడు దాన్ని బయటికి తీసే ఒకే ఒక్క మెయిలు, ఈ నిండిపోయిన పెట్టె బయట ఎక్కడో నిలబడిపోయింది.

“నీ పెట్టె ఇట్లా ఉంటే రాయచోటి మెయిలు యాడ దూరుతాది?” అన్నాడు శామ్. “నాకు అప్పుడే తెలుసు. ఊరందరి చెత్తా నీ నెత్తిన.”

“నాకు తెలీదా? కానీ నా పెట్టె ఊరికి రాసిచ్చింది నేనా?”

రాసిచ్చింది శామ్ నాయన దావీదురాజు.

నిస్సీ ఈ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో, దావీదురాజు సంఘంలో ఒకాయన్ను వెంటబెట్టుకొని కర్నూలు పక్కన కల్లూరులో ఇంటర్నెట్ సెంటర్‌కి పోయాడు. పింఛను దరఖాస్తు పెట్టించడానికి. అక్కడి కుర్రాడు మెయిల్ ఐడీ అడిగాడు. “మా కోడలిది వెయ్యప్పా, బాగా చదువుకున్న పిల్ల,” అన్నాడు దావీదురాజు. ఆ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. స్కాలర్‌షిప్పు, పాస్‌పోర్టు, గ్యాసు, పంటల బీమా, బడి అడ్మిషను, ఏ దరఖాస్తు నింపినా మెయిల్ దగ్గర నిస్సీ పేరే. చర్చికి రానివాళ్లు కూడా అదే ఇచ్చారు. వీధి చివర సుంకులమ్మ గుడి పక్కన ఉండే లక్ష్మక్క ఇచ్చింది.

మెయిళ్లు వస్తే చదివి చెప్పాలి కదా. అట్లా శనివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో మెయిల్ పూట అయింది. భోజనాలు కాగానే జనం వచ్చి వరండాలో కూచుంటారు. లోపల నిస్సీ చూస్తుంది, ఎవరికేం వచ్చిందో మామకు చెబుతుంది. ఆయన వరండాలోకి పోయి పేరు పెట్టి పిలిచి, గంభీరంగా చెబుతాడు. వచ్చిన మంచి వార్తకు దండాలు ఆయనకే, రాని వార్తకు ఓదార్పు ఆయనదే.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడు. దావీదురాజు గడప మీద నిలబడ్డాడు. తెల్ల చొక్కా, జేబులో కళ్లద్దాలు, ఫోను. సంఘపెద్ద.

“ఏం నిస్సమ్మా, మొదలుపెడదామా? జనం వచ్చి శానా సేపాయ.”

“పెట్టె నిండిపోయింది మామా. కొత్తవి రావడంల్యా. పాతవి కొన్ని తీసెయ్యాల.”

“తీసెయ్యడమా?” ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు. “తపాలు సెక్షన్లో తలనెరిసిన మనిషినమ్మా నేను. పెద్ద ఆఫీసర్లకు వచ్చిన ఉత్తరాలు నా చేతుల మీద పోయినాయి. ఒక్క కాయితం దారి తప్పలేదు. ఇంకొకరి పేరు మీద వచ్చిన తపాలు చించే హక్కు మనకు లేదు.”

“చించడం కాదు మామా. చీరల అంగళ్లవి, లోన్లిస్తామనే వాళ్లవి…”

“అవి మనకు చెత్త. ఏమో, ఎవరికి ఏది పనికొస్తాదో.”

“నాయనా,” శామ్ మధ్యలో అందుకున్నాడు, “దీనికి రాయచోటి నుంచి…”

నిస్సీ అతని కాలు తొక్కింది. మెయిల్ కళ్లతో చూసేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు. పోయిన నెల ఇంటర్వ్యూకి పోయొచ్చిన రోజు, ఇల్లొదిలి అంత దూరం ఎందుకని జరిగిన రాద్ధాంతం చాలు.

“రాయచోటి నుంచి ఏమి?” అన్నాడు దావీదురాజు.

“ఏం లేదులే. ఫ్లెక్సు ఆర్డరు,” అన్నాడు శామ్. అతనికి కల్లూరులో ఫ్లెక్సులు కొట్టే షాపుంది. అబద్ధం అతుక్కుంది.

దావీదురాజు కోడలి వైపు ఒక్క క్షణం చూశాడు. “నెమ్మదిగా కానియ్యమ్మా. ఏదీ పారెయ్యొద్దు,” అని వరండాలోకి పోయాడు. బయట ఆయన గొంతు వినిపించింది. “ఏం లేదప్పా, మిషన్ ఏదో మొరాయిస్తాండాది. కూచోండి. టీ వస్తాది.”

వంటింట్లోంచి అత్త సంతోషమ్మ గొంతు ఎదురొచ్చింది. “టీ వస్తాది అని ఆయప్ప అంటాడు. కాచేదెవురు? ఈ ఇల్లు పోస్టాఫీసు అయ్యింది చాలదని హోటలు కూడా చేసినారు.”

నిస్సీ కుర్చీ ముందుకు లాక్కుంది.

మామ పారెయ్యొద్దన్నాడు. మొగుడు అంతా పీకెయ్యమన్నాడు. రెండూ చెయ్యదలుచుకోలేదు. ఆసుపత్రిలో ప్రమాదం జరిగి ఒకేసారి జనం వచ్చిపడితే వచ్చిన వరసలో చూడరు. ముందు ఎవరికి ప్రాణం మీదికొచ్చిందో వాళ్లను విడదీస్తారు. వార్డులో నేర్చుకున్న పని అది. ఇక్కడ కూడా అంతే.

ముందు బరువు చూసింది. పెట్టెను నింపేది ఎక్కువ మెయిళ్లు కాదు, పెద్ద మెయిళ్లు. భారీ ఫైళ్లున్నవి మాత్రమే చూపించమని వెతికింది. వరసగా వచ్చాయి. క్రిస్మస్ నాటకం వీడియోలు. వాటి కింద ఫ్లెక్సు డిజైన్లు, ఒకదాని కింద ఒకటి, పుట్టినరోజులు, సంతాపాలు, గృహప్రవేశాలు.

నిస్సీ మెల్లగా తల తిప్పింది. “ఊరందరి చెత్తా అన్నావే.”

శామ్ ముందుకు వంగి చూశాడు. “అవి… షాపులో మెయిల్ పనిచెయ్యకపోతే నీ దాంట్లో వేసుకొన్యా.”

“సగం పెట్టె నువ్వే ఉండావు.”

“అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉండాయిలే. తీసెయ్.”

“ఒకరి తపాలు చించే హక్కు మనకు లేదంట.”

“నా తపాలు నేనే చింపుతాండా, జరుగు,” అని అతనే మౌస్ లాక్కుని కొట్టేశాడు. కొట్టేసినవి ముందు చెత్తబుట్టలో పడతాయి. చోటు కావాలంటే వాటిని అక్కడ్నుంచి కూడా శాశ్వతంగా తీసెయ్యాలి. అతని ఫైళ్లు మాత్రమే ఏరి తీసేసింది నిస్సీ. మిగతా బుట్ట జోలికి పోలేదు. మామ మాట చెవిలో ఉంది.

తర్వాత ప్రకటనలు. ఒక్కొక్కటి తెరిచి చూస్తూ కూచోలేదు. పంపినవాడి పేరు పట్టి వెతికితే వాడి మెయిళ్లన్నీ ఒకచోట చేరతాయి. ముందు ఇకమీదట పంపొద్దని నొక్కింది, తర్వాత గుంపును గుంపుగానే బుట్టలోకి పంపేసింది. చీరలవాళ్లు పోయారు. లోన్లవాళ్లు పోయారు. ఎవరో ఒకసారి వధువు కోసం చూసిన పెళ్లి సంబంధాల సైటు పోయింది.

“అయ్యో, అది గాబ్రియేలన్న తమ్మునికి,” అన్నాడు శామ్.

“ఆయప్పకు పెళ్లై కొడుకు బడికి పోతాండాడు.”

మిగిలినవి మనుషులవి. అక్కడ నిదానించింది. ఇంటింటికీ ఒక పేరు పెట్టింది. లక్ష్మక్క ఇల్లు, గాబ్రియేలు ఇల్లు, పాస్టరయ్య ఇల్లు. ఎవరి మెయిళ్లు వాళ్ల పేరు కిందికి తోసింది. చూసిన మెయిలును మళ్లీ చూడకూడదని నియమం పెట్టుకుంది. చూసిన అప్పుడే తేల్చాలి. పనికొచ్చేదా, పేరు కిందికి. ఇవాళే చెప్పాల్సిందా, పక్కన చుక్క. పనికిరానిదా, బుట్టలోకి.

ఇంత సులువైన పని ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదు? చేద్దామనుకున్నప్పుడల్లా పక్కన మామ కూచునేవాడు. కళ్లద్దాలు పెట్టుకొని, ఏమీ ముట్టుకోకుండా, ఆమె వేలు ఎక్కడ నొక్కుతుందో చూస్తూ. “ఉండనీమ్మా, ఉండనీ,” అనేవాడు.

కిటికీలోంచి బయటికి చూసింది. మనసులో ఉన్నది అప్పుడే తేల్చేద్దామనిపించింది. లేచి గడప దగ్గర నిలబడింది.

“లక్ష్మక్కా, మీ అమ్మాయి హాల్ టికెట్ వచ్చిండాది. ఈ పూటే ఇస్తా. ఇంకొక మాట. వచ్చే వారం ఎవరి ఫోన్లో వాళ్లకు సొంత మెయిల్ ఐడీ చేసిస్తా. ఎవరి మెయిల్ వాళ్లే చూసుకోవచ్చు.”

మెట్ల మీద కూచున్నవాళ్లు కూడా తలలు ఇటు తిప్పారు.

“మాకు చేతనౌతాదా అమ్మి?” అంది లక్ష్మక్క.

“వాట్సాప్‌లో నీ మనవడి ఫోటోలు ఊరంతా పంపుతావే. ఇది అంతకంటే తేలిక.”

“అట్లైతే నాకు ముందు చెయ్యి. నా కోడలి ముందర నేను తక్కువ కాకూడదు.”

అందరూ నవ్వారు. గాబ్రియేలు మాత్రం తల గోక్కున్నాడు. “మరి శనివారం?”

“శనివారం మీరు పొలం పని చూసుకోవచ్చు గాబ్రియేలన్నా.”

ఆ నవ్వుల్లో కలవనిది ఒక్క దావీదురాజే. కుర్చీ చేతి మీద వేలితో తడుతున్నాడు. “చూద్దాంలే అమ్మా. తొందరేముంది?” అన్నాడు. “చదువురాని వాళ్లను ఎందుకు ఇబ్బంది పెట్టేది? ఇల్లుండగా, నువ్వుండగా.”

నువ్వుండగా అన్న మాట నిస్సీ వీపున తగిలింది. లోపలికి వచ్చేసింది.

టీ గ్లాసుల పళ్లెం పట్టుకొని సంతోషమ్మ ఎదురైంది. గొంతు తగ్గించింది. “ఏం చేసినావే? మీ మామకు శనివారం లేకుంటే వారమంతా అన్నం దిగదు. రిటైరైన సంవత్సరం ఎట్లుండెనో నాకు తెలుసు. గోడకు మొగం పెట్టి కూచునేది.”

“మరి నేను జీవితమంతా చదివి చెప్తా కూచోవాల్నా అత్తా?”

సంతోషమ్మ కోడలి ముఖంలోకి చూసి, వరండాలోకి పోయింది.

ల్యాప్‌టాప్ దగ్గర శామ్ చెయ్యూపుతున్నాడు. ఎర్ర పట్టీ పోయింది. పెట్టెలో సగం ఖాళీ.

నిస్సీ వెంటనే కృపమణికి ఫోన్ కలిపింది. “మణీ, ఇంకొక్కసారి పంపించు. చోటు చేసినా.”

“పట్టుకో. మేడమ్ కంప్యూటర్లోంచే కొడతాండా… పోయె. వచ్చిందా?”

నిస్సీ తెర మీదికి చూసింది. రాలేదు.

“నెట్టు నెమ్మదేమో,” అన్నాడు శామ్. తన ఫోన్ నుంచి నిస్సీకి ఒక మెయిల్ కొట్టాడు. అది కళ్లు మూసి తెరిచేలోపల వచ్చి కూచుంది.

“మణీ, రాలేదే. ఒకవేళ మీకు తిరిగొచ్చిందేమో చూడు.”

“తిరిగి రాలే. ఇదే కాదు, ముందు రెండూ తిరిగి రాలే. అడ్రసు సరిగ్గానే ఉండాది. ఇంటర్వ్యూకి పిలిచింది కూడా ఈ అడ్రసుకే గదా. అప్పుడు వచ్చిందే?”

అదీ నిజమే. పెట్టె నిండి మెయిల్ రాకపోతే పంపినవాళ్లకు తిరిగిపోతుంది. తిరిగిపోలేదంటే ఇక్కడికి వచ్చిందన్న మాటే. చోటు లేకపోవడం కాదు కారణం.

“మళ్లీ చేస్తా,” అని ఫోన్ పెట్టేసింది.

స్కూలు పేరుతో వెతికింది. పోయిన నెల ఇంటర్వ్యూ పిలుపు ఒక్కటే కనిపించింది. మామూలుగా వెతికితే చెత్తబుట్టలోవి చూపించదు. ఆ సంగతి గుర్తొచ్చి బుట్ట తెరిచింది.

ఉన్నాయి. ఇందాక పంపినది పైనే ఉంది. కింద ఇంకా రెండు. ఉద్యోగం ఇస్తున్నాం, సోమవారం చేరాలి, అంగీకారం తెలపండి.

శామ్ భుజం మీంచి చదివాడు. “బుట్టలోకి నువ్వే తోసినావేమో. ఇందాక గుంపులు గుంపులుగా కొడితివి గదా.”

“ఇందాక కొట్టింది చీరలవి. ఇది వచ్చి రెండు నిమిషాలు కాలేదు. నేను ముట్టుకోనే లేదు. అదే పోయి బుట్టలో పడింది.”

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

నిస్సీ సెట్టింగుల్లోకి పోయింది. ఇన్నేళ్లలో ఆ పేజీ తెరవాల్సిన అవసరం రాలేదు. ఎప్పుడూ ఫోన్లోనే చూసేది. ఫోన్లో అవి కనిపించవు. వచ్చే మెయిళ్లకు ముందే దారి చెప్పి పెట్టే చోటు ఒకటుంటుంది. ఫలానా వాళ్ల నుంచి వస్తే ఫలానా చోటికి పంపు అని. అక్కడ ఒకే ఒక్క ఆదేశం ఉంది. ఆమె పెట్టింది కాదు.

రాయచోటి స్కూలు నుంచి ఏ మెయిల్ వచ్చినా పెట్టెలో చూపించొద్దు. చెత్తబుట్టలో వెయ్యి. దానికి ముందు ఒక నకలు ఇంకొక అడ్రసుకు పంపు.

ఆ అడ్రసు ఎవరిదో తెలీదు. న్యూలైఫ్ అని ఉంది, వెనక ఏవో అంకెలు.

ఫ్యాన్ తిరుగుతోంది. బయట టీ గ్లాసులు గలగలమంటున్నాయి.

“ఎవరో హ్యాకర్లు,” అన్నాడు శామ్.

“హ్యాకర్లకు నా ఉద్యోగం ఎందుకు?”

“మరి?”

నిస్సీ ఏమీ అనలేదు. ఆ ఐడీ చేసిచ్చింది శామ్, పెళ్లైన వారానికి. పాస్‌వర్డు అతనికి తెలుసు. ఈ ల్యాప్‌టాప్ అతని షాపుది, రాత్రయితే ఇంటికొస్తుంది. రాయచోటి అన్న మాట వినగానే పోయిన నెల పళ్లెం ముందర్నుంచి లేచిపోయింది కూడా అతనే.

“నేనే అంటావా?” అన్నాడు శామ్.

“నేనేమీ అనలేదు.”

“అనకుండా ఉంటివే, అదే అనడం.”

“పాస్‌వర్డు ఎవరికి తెలుసు?”

“ఇంట్లో అందరికీ తెలుసు. చర్చి పేరే గదా అది. నువ్వే పెట్టినావు.” అతని ముక్కుపుటాలు అదిరాయి. “ఆ పొద్దు లేచిపోయినా, నిజమే. తెల్లారి వచ్చి ఏం చెప్పినా? ఫ్లెక్సు షాపు యాడైనా పెట్టుకోవచ్చు, రాయచోటిలో పెళ్లిళ్లు కావా, పుట్టినరోజులు రావా అన్యా. అన్యానా లేదా?”

“అన్నావు.”

“అని మళ్లా ఈ పని చేస్తానా?”

చెయ్యవు అనాలని ఉంది నిస్సీకి. నోటి దాకా వచ్చి ఆగింది. ఆ ఆగడం శామ్ చూశాడు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నాలుగేళ్లలో ఎన్నో పోట్లాటలు పడ్డారు గానీ, ఇట్లా వీపు చూపించడం ఇదే మొదలు.

ముందు పని ముందు. నిస్సీ ఆ ఆదేశాన్ని సాక్ష్యం కోసం చెరపలేదు. మెయిలును బుట్టలోంచి బయటికి లాగి జవాబు రాసింది. మూడు వాక్యాలు. ఉద్యోగానికి ధన్యవాదాలు, నాకు అంగీకారమే, సోమవారం ఉదయం వచ్చి చేరుతున్నాను. చివర పేరు. పంపింది.

కాసేపటికి కృపమణి నుంచి వాట్సాప్ వచ్చింది. “మేడమ్ చూసింది. నవ్వింది కూడా. సోమవారం వచ్చేటప్పుడు కర్నూలు నుంచి నాకేమైనా తే.”

ఉద్యోగం నిలిచింది. కానీ శామ్ ఇంకా కిటికీ వైపే ఉన్నాడు. ఈ ఒక్క సంగతి తేలకుండా సోమవారం సంచి సర్దుకొని బస్సెక్కితే, మళ్లీ ఈ ఇంటికి తిరిగి రావడమంటూ ఉండదు.

“ఇట్లా రా,” అంది.

“ఏటికి?”

“ఈ న్యూలైఫ్ అడ్రసుకు ఒక మెయిల్ పంపుతా. ఎవరిదో ఆ ఫోను మోగుతాది.”

శామ్ తిరిగాడు. అర్థమైంది. మాట్లాడకుండా జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. షాపు ఫోను తీసి దాని పక్కన పెట్టాడు. రెండింటి గొంతూ పూర్తిగా పెంచాడు.

ఖాళీ పళ్లెంతో వస్తున్న సంతోషమ్మ ఆగింది. “ఏంది, ఫోన్ల పెళ్లా?”

“అమ్మా, నీది కూడా పెట్టు.”

“దీంట్లో పాటలు తప్ప ఏముండాయి?” అంటూనే నడుములోంచి తీసి పెట్టింది. ఎందుకని అడగలేదు. ఇద్దరి మొగాలు చూసి అక్కడే నిలబడిపోయింది.

నిస్సీ ఇందాకటి జవాబునే ఆ అడ్రసుకు పంపించింది. సోమవారం ఉదయం వచ్చి చేరుతున్నాను.

బల్ల మీద మూడు ఫోన్లు. ఒక్కటీ కదల్లేదు.

శామ్ భార్య వైపు చూశాడు. ఆ చూపులో గెలుపు లేదు. నిస్సీ చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకుంది. క్షమించమని నోటితో అడగలేదు. అతను విడిపించుకోలేదు.

అప్పుడు వరండాలో టింగుమంది.

ముగ్గురూ కిటికీ వైపు తిరిగారు. దావీదురాజు గాబ్రియేలుకు ఏదో చెబుతూ చెబుతూ ఆగాడు. చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. బొటనవేలు ఒక్కసారి పైకి జరిపి, ఒకచోట నొక్కి, చదవసాగాడు. తడబాటు లేదు. రోజూ చేసే పనిలా ఉంది. నాకు ఫోను ఎత్తే ఆకుపచ్చ బొత్తం తప్ప ఏమీ తెలీదమ్మా అని ఇన్నేళ్లూ చెప్పిన బొటనవేలు అది.

సంతోషమ్మ చేతిలో పళ్లెం నెమ్మదిగా బల్ల మీదికి దిగింది.

“నాయనా,” అని శామ్ అడుగు వేశాడు. నిస్సీ మణికట్టు వదల్లేదు.

“ఆగు. వాళ్ల ముందర వద్దు.”

“మూడు మెయిళ్లు దారి మళ్లించినాడు. ఇంకా వాళ్ల ముందర వద్దంటావా?”

“వద్దు. జనం పోనీ.”

కానీ దావీదురాజు జనాన్ని పోనివ్వలేదు. చదవడం అయ్యాక కాసేపు గేటు వైపు చూశాడు. గొంతు సవరించుకొని లేచి నిలబడ్డాడు. చర్చిలో ప్రకటనలు చదివేటప్పుడు నిలబడినట్టు.

“ఒక మాటప్పా,” అన్నాడు. “మన నిస్సమ్మకు రాయచోటిలో ఉద్యోగం వచ్చింది. సోమవారం పోతాండాది. దేవునికి స్తోత్రం. ఇంక మీ మెయిళ్లు ఎవరు చూస్తారో, మీ పిల్లల చదువుల సంగతి ఏమైతాదో నాకు తెల్దు. నేను ముసలోన్ని. మీరే ఆ తల్లిని అడుక్కోండి.”

వరండా కలకలమంది. కుర్చీలు జరిగాయి. గాబ్రియేలు అప్పుడే గడప దగ్గరికి వచ్చేశాడు. “ఏమ్మా, నిజమేనా? ఐడీలు చేసిస్తానంటివి, రెండు రోజుల్లో పోతానంటే ఎట్లమ్మా?” వెనక ఇంకెవరో, “మా పాపది కౌన్సెలింగు అయ్యేదాకన్నా ఉండమ్మా,” అంటున్నారు. లోపలికి చూస్తున్న ఒక్కో మొగమూ ఒక్కో బంధంలా ఉంది. వాళ్లందరి వెనక మామ నిలబడి, చేతులు కట్టుకొని, తలొంచుకొని ఉన్నాడు.

శామ్ మణికట్టు ఇప్పుడు నిస్సీ చేతిలో లేదు. అతనే ఆమె చెయ్యి పట్టుకొని ఉన్నాడు.

ఆ గోలలో లక్ష్మక్క ఒక్కతే కుర్చీలోంచి లేవలేదు. టీ గ్లాసు కింద పెట్టి, దావీదురాజు వైపు తిరిగింది.

“అవునూ పెద్దయ్యా,” అంది మామూలుగా, “నీకెట్ల తెలిసె?”

“ఏంది లక్ష్మక్కా?”

“సోమవారం పోతాదని. మధ్యాహ్నం నుంచీ నువ్వూ నేనూ ఈడే కూచోనుండాము. ఇందాక అమ్మి బయటికొచ్చినప్పుడు ఆ మాట అన్లేదు. లోపల్నుంచి ఇంకెవురూ వచ్చి చెప్పలేదు. ఫోను చూసి లేచి నిలబడితివి.” ఆమె ఆయన చేతి వైపు చూపించింది. “నీకు మెయిల్ చూడ్డం రాదంటివే?”

గడప దగ్గరున్న వాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

దావీదురాజు చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని జేబులో పెట్టుకోవాలని ఆయనకు తోచలేదు. జనం తలల మీదుగా, తెరిచిన తలుపులోంచి, లోపల నిలబడిన కోడలి వైపు చూశాడు. నువ్వే చెప్పు తల్లీ, నేనే నీకు చెప్పినానని ఒక్క మాట అను అన్నట్టుంది ఆ చూపు.

లక్ష్మక్క కూడా అటే చూసింది. గాబ్రియేలూ చూశాడు.

నిస్సీ గడప దాటి వరండాలోకి వచ్చింది. “నేను చెప్పలేదు లక్ష్మక్కా,” అంది, “మామకు మెయిల్ బాగా వచ్చు, ఇంక మీకందరికీ నేర్పించేది ఆయనే.”